కన్నొచ్చింది, గొట్టం రాలేదు

మా తిరువూరులో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ మిలట్రీనే. ట్యాంకులో గన్నర్‌గా చేశానని తెలిసిన ప్రతివాడూ ఒకే ప్రశ్న అడుగుతాడు: "గొట్టంలోంచి చూసి పేలుస్తారాండీ?" బస్టాండు పక్క టీకొట్టులో అడిగారు. క్షవరం చేయించుకుంటుంటే అడిగారు. పక్కనున్న నెమలి ఊరి గుడిలో ప్రదక్షిణ చేస్తుంటే ఒక పెద్దాయన ఆపి మరీ అడిగాడు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. గొట్టంలో గుండుంటుంది కదా, దాని వెనక కన్ను పెడితే ఆ కన్ను మిగులుతుందా అని విసుక్కునేవాణ్ని. ఇప్పుడు ఓపిగ్గా చెబుతున్నాను. అందులో నా స్వార్థం కూడా ఉంది. ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఒక మనిషిని తలుచుకోవచ్చు.

ఈ ఏడు ఆ తలుచుకోవడం మరీ ఎక్కువైంది. కారణం నా చూపు మందగించడం. నాకొక వరికోత యంత్రం ఉంది. చక్రాలకు బదులు చైన్ల మీద నడుస్తుంది గనక మా వైపు దాన్ని చైన్ మిషను అంటారు. రిటైరై వచ్చి దాన్ని కొన్న దగ్గర్నించీ, కోతల్లో దాని సీటు మీద నేను తప్ప ఇంకొకరు కూచోలేదు. ఆ సీటు నాకుంటుందా ఊడుతుందా అన్నదే ఈసారి కోతల కాలమంతా మా ఇంట్లో నడిచిన తగాదా. అది ఎలా తీరిందో చెప్పాలంటే ముందు ట్యాంకు దగ్గర మొదలుపెట్టాలి.

టీకొట్టులో అయితే బల్ల మీద గాజుగ్లాసు బోర్లిస్తాను. ఇది ట్యాంకు తలకాయ, అటూ ఇటూ తిరుగుతుంది, దీన్ని టరెట్ అంటారని చెబుతాను. ఎవరి జేబులోంచో ఒక బీడీ తీసుకుని గ్లాసుకి ఆనిస్తాను. అది గొట్టం. ఆ గొట్టం వెనక భాగం టరెట్ మధ్యలో పెద్ద దూలంలా పరుచుకుని ఉంటుంది. మనిషికి అక్కడ చోటు లేదు. అందుకని మా ట్యాంకులో గన్నర్ దానికి ఎడమపక్కన ఇరుక్కుని కూచుంటాడు, కమాండర్ కుడిపక్కన. గన్నర్ చూసే దుర్భిణిని సైట్ అంటాం. మనం కన్ను ఆనించే కొస లోపల మొహానికి ఎదురుగా ఉంటుంది. దాని పై అద్దం మాత్రం టరెట్ కప్పు మీద, ఎడమవైపు, చిన్న ఇనప డబ్బాలో కూచుని బయటికి చూస్తుంటుంది.

అంత పైన ఎందుకంటే, ట్యాంకు మట్టిదిబ్బ చాటున ఒళ్లు దాచుకుని తల మాత్రం ఎత్తి చూడాలి. పోనీ ఇంకా పైన పెట్టకూడదా అంటే, పైకి లేచినకొద్దీ శత్రువు కంట్లో ముందు పడేది అదే. కిందికి దించితే దుమ్మూ పొగా. పెట్టినవాడు తెలివిగలవాడే, అన్నీ ఆలోచించే పెట్టాడు. అయినా ఒక చిక్కు మిగిలిపోయింది. చూసేది ఒకచోట, పేలేది ఒకచోట. గొట్టం కన్నుకన్నా కిందికీ పక్కకీ ఉండిపోయింది.

ఆ రెంటికీ పొత్తు కుదర్చడం మాకు పొద్దున్నే పని. గొట్టం మూతికి గ్రీజు రాసి, నిలువుగా ఒక దారం, అడ్డంగా ఒక దారం అతికిస్తాం. ఖాళీ గొట్టంలోంచి వెనకనించి ఒకరు చూస్తారు. టీకొట్టు వాళ్ల ప్రశ్నకు కాస్త న్యాయం ఇక్కడ జరుగుతుంది. దారాలు కలిసేచోటు దూరంగా ఉన్న ఏ వాటర్ ట్యాంకు మూలకో ఆనేదాకా గొట్టాన్ని కదుపుతారు. అప్పుడు నేను నా సైట్‌లో గుర్తును తిప్పి సరిగ్గా అదే మూలకు తెచ్చి బిగిస్తాను. ఆ దారం నేను ఇంటినించి పట్టుకెళ్లినదే. మా అమ్మ మల్లెపూలు కట్టే దారం. సెలవు అయిపోయి వెళ్లేటప్పుడు ఒక ఉండ సంచిలో వేసేది. దాంతో కొడుకు ఏం కడుతున్నాడో ఆవిడ ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఎంత కుదిర్చినా ఆ పొత్తు దూరానికే. దగ్గర్లో కన్ను దారి కన్నుదే, గొట్టం దారి గొట్టానిదే. పైగా సైట్‌లో చాలా దూరం కనపడుతుంది గాని, లోకమంతా అన్నం కంచమంతే ఉంటుంది. ఆ కంచం అంచు అవతల ఏనుగు నిలబడినా గన్నర్‌కి తెలియదు. అది చెప్పడానికి పక్కన కమాండర్ ఉంటాడు, కింద ముందుభాగంలో డ్రైవరు ఉంటాడు. ముగ్గురూ కలిస్తే గాని ఒక మనిషి చూపు పూర్తికాదు.

నేను తలుచుకునే మనిషి ఆ డ్రైవరే. పంజాబు రైతు. నాకన్నా పెద్దవాడు గనక పాజీ అనేవాణ్ని, అంటే అన్నయ్య. ఆయన నన్ను మద్రాసీ అనేవాడు. మద్రాసుకీ తిరువూరుకీ మధ్య ఎంత దూరముందో ఎన్నిసార్లు చెప్పినా ఆయన చెవికెక్కలేదు. మొదటి దసరాకి ట్యాంకుకి పూజ చేస్తుంటే, మా ఊళ్లో ట్రాక్టరు లైట్లకి పెట్టినట్టే నేను సైట్ అద్దానికి నిండుగా గంధం, కుంకం పెట్టాను. మర్నాడు సైట్‌లో కన్ను పెడితే లోకమంతా ఎర్రగా ఉంది. కమాండర్ నన్ను ఉతికి ఆరేశాడు. పాజీ మాత్రం మెత్తని గుడ్డ తెచ్చి, నోటి ఆవిరి ఊది, ఆ అద్దాన్ని పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచాడు. "దేవుడికి కళ్లు తెరుస్తారు గాని మూస్తారా మద్రాసీ" అని నెలరోజులు ఏడిపించాడు.

ఆయనకొక అలవాటుండేది. ఇసకదిబ్బ వెనకనించి ట్యాంకును మెల్లగా పైకి ఎక్కించేటప్పుడు, ఎక్కడ ఆగాలో చెప్పేది గన్నర్. నా కంటికి టార్గెట్ కనపడగానే ఆగమంటాను. ఆగమన్నాక డ్రైవరు ఆగాలి. పాజీ ఆగేవాడు కాదు. "ఆంఖ్ ఆ గయీ, నాల్ నహీ ఆయీ" అనేవాడు. కన్నొచ్చింది, గొట్టం రాలేదు అని. అని, ఇంకాస్త ముందుకు పోనిచ్చి అప్పుడు ఆపేవాడు. డ్రైవరు సీటు గొట్టానికి కిందుగా ఉంటుంది గనక, గొట్టం ముందు ఇంకా ఎంత మట్టి ఉందో ఆయనకి తెలిసేది. ప్రతిసారీ అదే మాట, అదే పాట రాగంలో.

ఒకసారి ఎడారిలో ఫైరింగు జరుగుతోంది. పైఆఫీసర్లు గడియారాలు పట్టుకుని నిలబడ్డారు. నాకు టార్గెట్ అద్దంలో పెట్టినట్టు కనపడింది. ఆగమని అరిచాను. పాజీ తన పాట మొదలుపెట్టి బండిని ఇంకా పాకిస్తున్నాడు. నాకు తిక్క రేగింది. ఆయనకి తెలుగు రాదన్న ధైర్యంతో, మా గంపలగూడెం సంతలో గేదెల బేరగాళ్లు తిట్టుకునే తిట్లన్నీ హెడ్‌సెట్‌లో వరసగా వినిపించాను. బండి ఆగింది, పేల్చాను, గుండు పోవలసినచోటికి పోయింది. కిందికి దిగాక కూడా నా కోపం చల్లారలేదు.

పాజీ కూడా దిగి వచ్చాడు. నా చెయ్యి పట్టుకుని దిబ్బ దగ్గరికి తీసుకెళ్లాడు. నేను ఆగమన్నప్పుడు ట్యాంకు ఉన్నచోటు చైన్ల జాడనిబట్టి చూపించి, అక్కడినించి గొట్టం మూతి ఎక్కడికి వస్తుందో అడుగులు వేసి, అంత ఎత్తులో ఒక కర్ర పట్టుకుని, "వంగి చూడు" అన్నాడు. కర్ర వెంబడి చూశాను. ఎదురుగా ఇసక. మా ఇంటి అరుగునించి రోడ్డున్నంత దూరం కూడా లేదు, గోడలా నిలబడి ఉంది. పైన సైట్ అద్దం దిబ్బ దాటి హాయిగా ఆకాశమూ టార్గెట్టూ చూస్తోంది, కింద గొట్టం మట్టిలోకి చూస్తోంది. నేను మీట నొక్కి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి ఇప్పటికీ నాకిష్టముండదు.

మిలట్రీలో మాట వినడమే మొదటి పాఠం. ఆ ఒక్క మనిషి నా మాట వినకపోవడంవల్ల నేను బతికున్నాను, పెళ్లి చేసుకున్నాను, కూతుర్ని ఎత్తుకున్నాను. ఆ రోజు ఆయనకి థాంక్స్ చెప్పానా అంటే చెప్పలేదు. సాయంత్రం నా వంతు గులాబ్‌జామ్ ఆయన పళ్లెంలో వేశాను. ఆయన తినేశాడు.

రిటైరై తిరువూరు వచ్చాక చైన్ మిషను చూడగానే మనసు లాగింది. చైన్ల చప్పుడు ఒకటి, పైన తిరిగే గొట్టం ఒకటి. వెనకున్న తొట్టిలో ధాన్యం నిండగానే ఆ గొట్టం పైకి లేచి, పక్కకు తిరిగి, ట్రక్కులో గింజలు పోస్తుంది. ట్యాంకులో నేను ఎడమపక్కన కూచునేవాణ్ని, ఇందులో సీటు కుడిపక్కన. గొట్టం మాత్రం మళ్లీ నాది కానిచోటే, నా వెనక, నా తలకన్నా ఎత్తులో. ఇక్కడా కన్నొకచోట, గొట్టమొకచోట. మా ఆవిడ మిషనుకి పసుపు కుంకం పెట్టడానికి వస్తే నేను ముందే అద్దాలకి చెయ్యి అడ్డంపెట్టాను.

మా అమ్మాయి వ్యవసాయం డిప్లొమా చదివింది. కోతల్లో నా వెంటే ఉంటుంది. బెల్టులు బిగిస్తుంది, బ్లేళ్లు మారుస్తుంది, గట్టు మీద నిలబడి ట్రక్కును సరైనచోట పెట్టిస్తుంది. మిషను కూడా నడుపుతుంది, కాకపోతే రోడ్డు మీదా కోసేసిన పొలంలోనూ. నిలబడ్డ చేలో సీటు అడిగితే నేను వినపడనట్టు ఊరుకునేవాణ్ని. పాజీ కథ మాత్రం దానికి అన్నప్రాశననాడే మొదలుపెట్టాను. పదో తరగతిలో హిందీ గట్టెక్కడానికి నానా తంటాలు పడిన పిల్లకి ఆ ఒక్క వాక్యం మాత్రం నిద్రలో లేపినా వస్తుంది. నేను కంచంలో ఇంకా పప్పు ఉండగానే పచ్చడి వేసుకుంటే చాలు, "కన్నొచ్చింది నాన్నా, గొట్టం రాలేదు" అని వెక్కిరించేది.

ఈ ఏడు కోతలకు ముందు గుమ్మం పైదూలం రెండుసార్లు నా తలకు తగిలింది. ఇల్లు కట్టిన రోజునించీ ఉన్న దూలమే. మా ఆవిడ బలవంతంమీద విజయవాడ వెళ్లి చూపించుకుంటే డాక్టరు నీటికాసులు అన్నాడు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందట. కుడికన్నులో పైవైపు చూపు చాలావరకు పోయింది, ఎడమదాంట్లోనూ మొదలైంది. ఎదురుగా ఉన్నది బాగానే కనపడుతుంది గనక మనిషికి తెలియదట. "పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోడానికి చుక్కలు వేసుకోండి. మిషన్లూ అవీ నడపొద్దు" అన్నాడు. నా జీవితమంతా కంచమంత లోకాన్ని చూసి బతికాను. ఇప్పుడు నా కళ్లే సైట్‌లా అయిపోతున్నాయని అర్థమయ్యేసరికి విస్సన్నపేట దాటి బస్సు తిరువూరు దగ్గరికి వచ్చేసింది.

"ఏవండీ, ఈసారి అమ్మాయికి ఇవ్వండి" అంది మా ఆవిడ ఆ రాత్రి అన్నం పెడుతూ.

"ఆడపిల్ల నడిపితే రైతులు పిలవరు" అన్నాను.

"రైతులు పిలవరా, మీరు దిగరా?"

ఉన్నమాట చెప్పాలంటే నాకు భయం వేసింది. టరెట్ దిగాక ఆ సీటే నాకు మిగిలింది. అదీ దిగితే నేనెవర్ని, మందుచుక్కలు వేసుకుంటూ అరుగు మీద కూచునే ముసలాణ్ని. అందుకని మొండికేసి నేనే ఎక్కాను. అమ్మాయి వాదించలేదు. "సరే నాన్నా, నేను కింద ఉంటా" అంది.

కట్టలేరు వాగు పక్కన గంపలగూడెం పొలాల్లో కోస్తున్నాం. మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టింది. రైతు కంగారు రైతుది. చేలో దిగబడుతుందేమోనని ట్రక్కును గట్టు వారగా, నేల గట్టిగా ఉన్నచోట పెట్టించి, తనే పైకెక్కి ధాన్యం సర్దడానికి నిలబడ్డాడు. అప్పుడు మిషను ఆపి ఉంది, అమ్మాయి వెనక చైన్లో చిక్కుకున్న గడ్డి లాగుతోంది. గడ్డి వచ్చాక అమ్మాయి గట్టు వైపు నడిచింది, నేను కోత సాగించాను, తొట్టి నిండింది. మిషన్ని ట్రక్కు పక్కకు తెచ్చి ఆపాను. "రానీండి మిలట్రీగారూ, చినుకు పడేట్టుంది!" అని రైతు పైనించి చేతులూపుతున్నాడు. నాకు ట్రక్కు కనపడుతోంది, రైతు కనపడుతున్నాడు, అడ్డం ఏమీ లేదు. లివరు మీద చెయ్యి వేసి గొట్టం లేపి తిప్పడం మొదలుపెట్టాను.

"ఆగు నాన్నా!" అని అరుపు వినపడింది.

"కనపడుతూనే ఉందమ్మా!" అని నేనూ అరిచాను. చెయ్యి తియ్యలేదు.

అప్పుడు గట్టు మీదినించి, ఇంజను హోరు మించి, గొంతు చించుకుని అరిచింది: "ఆంఖ్ ఆ గయీ! నాల్ నహీ ఆయీ!"

నా చెయ్యి లివరు వదిలేసింది. నేను వదల్లేదు, చెయ్యే వదిలింది. ఎన్నో ఏళ్ల కిందట ఏ మాటకి కోపం వచ్చిందో అదే మాటకి ఈసారి ఒళ్లంతా ఆగిపోయింది. గొట్టం గాల్లో నిలబడింది. ట్రక్కు మీది రైతు ఈ పిల్లకి హిందీ ఎందుకు పూనిందా అని నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నేను సీట్లోంచి పక్కకు వంగి, మెడ బాగా వెనక్కి విరిచి పైకి చూశాను. కరెంటు తీగలు. రెండు స్తంభాల మధ్య కిందికి వేలాడుతూ, సరిగ్గా గట్టు మీదుగా పోతున్నాయి. గొట్టం మూతికీ తీగకీ మధ్య జానెడు ఉందో లేదో. కింద తడి నేల, ఇనప మిషనులో నేను, ఇనప ట్రక్కులో రైతు.

గొట్టం మెల్లగా వెనక్కి తిప్పి దించాను. ఇంజను ఆపాను. అమ్మాయి పరిగెత్తుకొచ్చి నా భుజం కింద చెయ్యి వేసి దింపింది. రైతు కూడా పైకి చూసి, గబగబా దిగి, గట్టు మీద చతికిలబడ్డాడు. "అమ్మాయి దేవతండీ" అన్నాడు. దేవత కళ్లు తుడుచుకుంటూ, తీగల కింద బండి పెట్టినందుకు ఆయన్ని అరగంట సరిపడా తిట్టింది. ఆ తిట్లు విన్నాక నాకు అనుమానం లేకపోయింది, అది నా కూతురే.

కాసేపయ్యాక నేనే అన్నాను. "నువ్వెక్కు."

అది సీటు వంక చూడలేదు, నా మొహం వంక చూసింది. "నువ్వు కింద ఉంటావా?"

"ఉంటా."

ట్రక్కును తీగలకు దూరంగా జరిపించేలోపల గట్టు చివరికి వెళ్లి పాజీకి ఫోను చేశాను. అక్కడ గోధుమ విత్తే కాలం, ఆయన చుట్టూ కూడా ట్రాక్టరు చప్పుడే. "బోల్ మద్రాసీ" అన్నాడు. జరిగిందంతా చెప్పాను. నా కళ్ల సంగతి కూడా, అప్పటిదాకా ఆయనకు చెప్పని సంగతి, చెప్పేశాను. ఆయన అక్కడ ట్రాక్టరు ఆపించాడు. తర్వాత అడిగాడు.

"అమ్మాయిని తిట్టావా?"

"లేదు పాజీ. ఈసారి తిట్టలేదు."

"మరి ఇప్పుడు కింద నిలబడేదెవరు?"

"నేనే."

"అయితే ఇన్నాళ్లకి నా సీట్లో కూచున్నావన్నమాట" అన్నాడు. "మంచి సీటు అది. అక్కణ్నించి పెద్దగా ఏమీ కనపడదు. కాని నువ్వు లేకపోతే పైవాడికి దారి లేదు."

అప్పుడు చెప్పాను థాంక్స్. ఎడారిలో చెప్పనిది, నా పెళ్లికి వచ్చినప్పుడు చెప్పనిది, ఇన్నేళ్ల ఫోన్లలో చెప్పనిది. నా ప్రాణానికోసారి, నా కూతురి మాటకోసారి చెప్పాను. సగం హిందీలో సగం తెలుగులో వచ్చింది. ఆయన పట్టించుకోకుండా "గులాబ్‌జామ్ ఎప్పుడు పంపుతావ్" అన్నాడు. అప్పట్లో నా పళ్లెంలోంచి ఆయన పళ్లెంలోకి పోయిన దాన్ని ఆయనా మర్చిపోలేదని అప్పుడు తెలిసింది.

వెనకనించి హారను మోగింది. తిరిగి చూస్తే మా అమ్మాయి సీట్లో కూచుని, చున్నీ తలకు బిగించి కట్టుకుని, లివరు మీద చెయ్యి పెట్టి నా వంక చూస్తోంది. ఎదురుగా ట్రక్కు దానికి బాగానే కనపడుతోంది. అయినా చెయ్యి కదపలేదు, నేను చెప్పేదాకా కదపదు. ఫోను జేబులో పెట్టుకుని మిషను ముందుకు వెళ్లి నిలబడ్డాను. తల వీలైనంత వెనక్కి వంచి ఈ చివరనించి ఆ చివరదాకా ఆకాశమంతా వెతికాను. తీగలు లేవు. మబ్బు తప్ప ఏమీ లేదు.

"రానీ అమ్మా" అన్నాను.